ఫ్యాను రెక్క, బీరువా అద్దం, పడమటి ఎండ: ఇంట్లో వీఆర్ గది సర్దుకునే తీరు

కళ్లకు కట్టుకుని ఆటలాడే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ కొందామనుకునే ఎవరైనా మొదట అడిగేది "ఏది కొనాలె?" అని. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఎక్కడ ఆడతారన్నది. హన్మకొండలోనో కాజీపేటలోనో కిరాయికి దొరికే పోర్షన్లలో హాలు సన్నగా, పొడవుగా ఉంటుంది. నడుమ సోఫా, దాని ముందు టీపాయ్, పైన ఫ్యాను, ఒక గోడకు అద్దం బీరువా. వీటి మధ్య ఎంత ఖాళీ తీయగలరో తేల్చుకున్నాకే మిగతా మాటలు.

గది గురించి ముందు మాట్లాడటానికి ఇంకో కారణం ఉంది. ఈ పరికరాలు తొందరగా పాతబడతాయి. మెటా కంపెనీ హెడ్‌సెట్ క్వెస్ట్ 2 వచ్చింది 2020 అక్టోబరులో, క్వెస్ట్ 3 2023 అక్టోబరులో, దాని చవక తమ్ముడు 3ఎస్ 2024 అక్టోబరులో. మీరు గోడ వెంట లాగించిన లాన్ వైరు, మంచి రౌటర్, మందపాటి కర్టెన్లు మాత్రం రాబోయే రెండు మూడు హెడ్‌సెట్లకు కూడా పనికొస్తాయి. కాబట్టి మొత్తం బడ్జెట్‌లో ఐదో వంతు గదికి పక్కన పెట్టి, మిగిలిన డబ్బులో హెడ్‌సెట్ చూసుకోండి.

ఏ రకం కొనాలి, ఆ రకం ఎటు పోతోంది

ఫోను లోపల పెట్టి చూసే డబ్బాలను ఆటకోసం కొనకండి. 2014లో గూగుల్ తెచ్చిన కార్డ్‌బోర్డ్ నుంచి 2023 ఐపీఎల్ సీజన్‌లో 1,299 రూపాయలకు వచ్చిన జియోడైవ్ దాకా అన్నీ ఒకే జాతి. తల తిప్పితే దృశ్యం తిరుగుతుంది. అడుగు ముందుకేస్తే మాత్రం ఎదురుగా ఉన్న గోడ దగ్గరికి రాదు, మీతో పాటే వెనక్కి జరుగుతుంది. దీన్ని త్రీ డాఫ్ అంటారు. ఒళ్లు కదిలిందని లోపలి చెవి చెబుతుంటే, కదల్లేదని కన్ను చెబుతుంది. కడుపులో తిప్పేది అక్కడే. 360 డిగ్రీల వీడియోలు చూడ్డానికైతే ఆ డబ్బా సరిపోతుంది. ఆటకు మీ అడుగును, వంగడాన్ని, చేతులను కూడా పట్టుకునే సిక్స్ డాఫ్ పరికరమే కావాలి.

పీసీ అవసరం లేకుండా దానంతటది నడిచే స్టాండలోన్ హెడ్‌సెట్లలో ఎక్కువమంది తూకం వేసేది క్వెస్ట్ 3, 3ఎస్ మధ్యే. రెండింట్లోనూ ప్రాసెసర్ ఒకటే, స్నాప్‌డ్రాగన్ ఎక్స్ఆర్2 జెన్ 2. ర్యామ్ 8 జీబీ. బరువు దాదాపు సమానం, 515 గ్రాముల దగ్గర. విడుదలైనప్పుడు అమెరికాలో ఒకటి 499 డాలర్లు, ఇంకోటి 299. తేడా అంతా కళ్ల ముందుండే అద్దాలది, తెరలది. 3ఎస్‌లో ఫ్రెనెల్ లెన్స్, కంటికి 1832×1920 పిక్సెళ్లు. క్వెస్ట్ 3లో ప్యాన్‌కేక్ లెన్స్, కంటికి 2064×2208.

ఫ్రెనెల్ లెన్స్ మీద గ్రామఫోను రికార్డు మీద ఉన్నట్టు సన్నటి వలయాలుంటాయి. నల్లటి తెర మీద తెల్లక్షరాలు వచ్చినప్పుడు వాటి చుట్టూ వెలుగు చారలు పరుచుకుంటాయి. నట్టనడుమ చూస్తేనే అక్షరం స్పష్టం, కన్ను పక్కకు తిప్పితే మసక. ప్యాన్‌కేక్ లెన్స్ కాంతిని లోపలే ముందుకూ వెనక్కూ మడిచి పంపుతుంది, కాబట్టి తెరకూ లెన్స్‌కూ మధ్య దూరం తగ్గి హెడ్‌సెట్ పలుచబడుతుంది, అంచుల దాకా స్పష్టత ఉంటుంది. ఆ మడతల్లో వెలుగు చాలావరకు పోతుంది. పోయినదాన్ని పూడ్చడానికి తెర గట్టిగా వెలగాలి, అంటే బ్యాటరీ తొందరగా దిగుతుంది, వేడి పెరుగుతుంది. క్వెస్ట్ 3 ఒక్క చార్జితో రెండు గంటల పైచిలుకు మాత్రమే నడవడంలో దీని వాటా ఉంది.

తలా చేతులూ ఊపుతూ ఆడే ఆటలే మీ లెక్క అయితే 3ఎస్ చాలు, మిగిలిన డబ్బు గదికి పెట్టండి. కారు రేసులో మీటర్లు, విమానం ఆటల్లో డయళ్లు చదవాలన్నా, పీసీ తెరను వీఆర్‌లో చూడాలన్నా క్వెస్ట్ 3 తీసుకోవాలి.

ఇక ముందు రాబోయేది. పెద్ద మార్పు కంటిచూపు ట్రాకింగ్. ఎందుకో చిన్న లెక్క చూడండి. ఫుల్ హెచ్‌డీ మానిటర్ మీద సెకనుకు 60 ఫ్రేములంటే గ్రాఫిక్స్ కార్డు గీయాల్సింది దాదాపు 12.4 కోట్ల పిక్సెళ్లు. క్వెస్ట్ 3లో రెండు కళ్లకూ కలిపి సెకనుకు 90 ఫ్రేములంటే 82 కోట్లు. ఆరున్నర రెట్లు. అంత గీసినా డిగ్రీకి 25 పిక్సెళ్లే, మామూలు చూపున్న కన్ను డిగ్రీకి 60 దాకా పట్టగలదు. ఆ అరవైని అందుకోవాలంటే కార్డులను పెంచుకుంటూ పోవడం అయ్యే పని కాదు. చూపు ఎక్కడ నిలిచిందో తెలిస్తే అక్కడ మాత్రమే పూర్తి స్పష్టతతో గీసి, చుట్టుపక్కల తక్కువతో సరిపెట్టొచ్చు. గేముల కంపెనీ వాల్వ్ 2025 నవంబరులో ప్రకటించిన స్టీమ్ ఫ్రేమ్ హెడ్‌సెట్ ఇదే ఉపాయాన్ని వైర్‌లెస్‌కు కూడా వాడుతుంది: పీసీ నుంచి వచ్చే వీడియోలో మీ చూపు పడిన చోటికే ఎక్కువ డేటా పంపుతుంది.

రెండోది బరువు. ముక్కు మీద అరకిలో మోయడం ఎవరికీ ఇష్టం లేదు. స్టీమ్ ఫ్రేమ్ బ్యాటరీని తల వెనక్కి పంపి పట్టీతో సహా 440 గ్రాములకు దిగింది. పీసీకి వైరుతో నడిచే బిగ్‌స్క్రీన్ బియాండ్ 2 అయితే 107 గ్రాములే, కాకపోతే దానికి గది మూలల్లో బేస్ స్టేషన్లు (తల ఎక్కడుందో కనిపెట్టడానికి తోడ్పడే చిన్న పెట్టెలు) బిగించాలి. 2024 ఫిబ్రవరిలో 3,499 డాలర్లకు వచ్చిన యాపిల్ విజన్ ప్రో, 2025 అక్టోబరులో 1,799 డాలర్లకు వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎక్స్ఆర్ బ్యాటరీని వైరుతో జేబులోకి దించాయి. రెండింట్లోనూ మైక్రో ఓఎల్ఈడీ తెరలు, కంటిచూపు ట్రాకింగ్. ఆట కోసమే అయితే ఆ ధరలు దండగ. అందులోని తెరలు, సెన్సర్లు కొన్నేళ్లలో చవక హెడ్‌సెట్లలోకి దిగుతాయి, అప్పుడు చూడొచ్చు.

ఎదురుగా ఉన్న దృశ్యం మీదే బొమ్మలు చూపించే ఏఆర్ కళ్లద్దాల సంగతి ఇంకా దూరం. మెటా 2024 సెప్టెంబరులో చూపించిన ఓరియన్ నమూనా వంద గ్రాముల లోపే ఉండి 70 డిగ్రీల దృశ్యం చూపించింది, అమ్మకానికి రాలేదు. 2025 సెప్టెంబరులో అమ్మకానికి వచ్చిన మెటా రే-బాన్ డిస్‌ప్లే కళ్లద్దాల్లో బొమ్మ కనిపించేది ఒక్క కంటికే, అదీ 20 డిగ్రీల మేర. మెసేజీ చదువుకోడానికి, దారి చూసుకోడానికి బాగుంటుంది. గదిలోని టేబుల్ మీద బొమ్మలు దూకే ఆటలు కావాలంటే ఇప్పటికి కెమెరాల ద్వారా బయటి దృశ్యం చూపించే క్వెస్ట్ లాంటి హెడ్‌సెట్టే దారి.

అమెరికాలో ఉన్న అన్నతోనో బావతోనో తెప్పించుకునేవాళ్లు రెండు చూసుకోవాలి. లిథియం బ్యాటరీ ఉంది కాబట్టి హెడ్‌సెట్‌ను చేతి సంచిలోనే తేవాలి, చెక్-ఇన్ సూట్‌కేసులో కాదు. వారంటీ ఏ దేశంలో చెల్లుతుందో బిల్లు మీద చూడాలి. చార్జర్ అడాప్టర్ మీద 100–240 వోల్టులని రాసి ఉంటే పిన్ను మార్చే ప్లగ్ ఒక్కటి చాలు, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు.

టేపు పట్టుకుని మొదలుపెట్టండి

నిలబడి అటూ ఇటూ అడుగు వేసే ఆటలకు కనీసం రెండు మీటర్ల చదరం కావాలి, అంటే ఆరున్నర అడుగులు. దాని చుట్టూ మరో అడుగున్నర ఖాళీ ఉంటేనే చేయి గోడకు తగలదు. అంత లేదంటే కూర్చునో, నిలబడ్డచోటే నిలబడో ఆడే ఆటలు ఎంచుకోండి, మంచివి చాలానే ఉన్నాయి. హైదరాబాద్ కంపెనీ ప్రోయుగా తయారుచేసిన ఐబీ క్రికెట్ లాంటివాటికి మాత్రం స్థలం విషయంలో రాజీ పడొద్దు. బ్యాటు ఊపేటప్పుడు చెయ్యి పూర్తిగా చాచుతారు, పుల్ షాట్‌కు మనిషి చుట్టూ తిరుగుతాడు. టీవీ ఉన్న గోడను వదిలి ఇంకా ఎక్కువ ఖాళీ చూసుకోండి.

ఇప్పుడు ఫ్యాను. ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషి చెయ్యి పైకెత్తితే వేళ్లు ఏడడుగుల రెండు మూడంగుళాల దగ్గరుంటాయి. చేతిలో కంట్రోలర్ మరో మూడు నాలుగంగుళాలు. పదడుగుల స్లాబుకు ఫ్యాను రెక్క ఎనిమిదిన్నర, తొమ్మిదడుగుల దగ్గర తిరుగుతుంది. నిలబడి ఆడితే తగలదు. ఎగిరి కొడితే తగులుతుంది. పెంట్‌హౌస్ గదుల్లో, తొమ్మిదడుగుల స్లాబులకైతే ఎగరకున్నా తగులుతుంది. ఆడేటప్పుడు సీలింగ్ ఫ్యాను ఆపేసి, ఒక మూల నుంచి టేబుల్ ఫ్యాను పెట్టుకోండి. గాలి ఎటు నుంచి వస్తోందో ఒంటికి తెలుస్తుంది కాబట్టి కళ్లు మూసుకుపోయినా ముందెటో వెనకెటో మర్చిపోరు. కడుపులో తిప్పడం కూడా దాంతో కొంత తగ్గుతుంది.

సజ్జను కూడా చూసుకోండి. బెడ్‌రూముల్లో ఏడడుగుల ఎత్తులో గోడ నుంచి రెండడుగులు ముందుకొచ్చి ఉంటుంది. ఆడే ముందు హెడ్‌సెట్‌లో నేల మీద గీసుకునే ఆట హద్దుకు దాని సంగతి తెలియదు. సజ్జ కింద భాగాన్ని హద్దులో కలపకండి.

నేలమీద మధ్యలో రెండడుగుల రబ్బరు మ్యాటు ఒకటి పరచండి. పాదానికి అంచు తగిలితే మధ్య నుంచి జరిగారని తెలుస్తుంది. టైల్స్ మీద దుప్పటి, చాప వద్దు, జారతాయి. సాక్సులు తీసేసి ఆడండి.

వెలుగు, అద్దాలు, సీరియల్ బల్బులు

హెడ్‌సెట్ తన కెమెరాలతో గదిలోని మూలలు, అంచులు, గోడమీది బొమ్మలు చూసి తానెక్కడుందో లెక్కగట్టుకుంటుంది. చీకట్లో దానికి ఏమీ కనిపించదు. సాదా తెల్లగోడ ఎదురుగా ఉన్నా అంతే, పట్టుకోడానికి గుర్తులు ఉండవు. క్యాలెండర్ ఒకటి, పోస్టర్లు రెండు తగిలిస్తే సరిపోతుంది. మామూలు ట్యూబులైటు వెలుగు చాలు.

బొమ్మ ఉన్నట్టుండి కంపించడం, ట్రాకింగ్ పోయిందని మెసేజ్ రావడం రాత్రిపూటే జరుగుతుంటే అనుమానం బల్బుల మీద పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్. చవక ఎల్ఈడీలు దానికి తగ్గట్టు కంటికి కనిపించకుండా మిణుకుతాయి, కెమెరాకు మాత్రం కనిపిస్తాయి. క్వెస్ట్ సెట్టింగుల్లో ట్రాకింగ్ ఫ్రీక్వెన్సీ అని ఉంటుంది. దాన్ని ఆటో నుంచి 50 హెర్ట్జ్‌కు మార్చండి, ముఖ్యంగా హెడ్‌సెట్ 60 హెర్ట్జ్ దేశం నుంచి వచ్చినదైతే.

బీరువా అద్దం అసలైన చిక్కు. కంట్రోలర్ల మీద కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ దీపాలుంటాయి, వాటిని చూసే హెడ్‌సెట్ మీ చేతుల్ని పట్టుకుంటుంది. అద్దంలో అవే దీపాలు మరో జత కనిపిస్తే ఏది మీ చెయ్యో దానికి అర్థం కాదు. ఆటలో చెయ్యి ఎగిరిపోయి గోడ అవతల తేలుతుంది. అద్దం మీద దుప్పటి కప్పండి. దీపావళికి, వినాయక చవితికి కట్టిన సీరియల్ బల్బులతోనూ ఇదే తంటా, ఆ చుక్కల్ని కంట్రోలర్ దీపాలనుకుంటుంది. ఆడేంతసేపూ ప్లగ్ తీసేయండి.

ఎండ: ఒక్క నిమిషం చాలు

హెడ్‌సెట్ పాడవడానికి ఇదో పెద్ద కారణం, చాలామందికి తెలియనిదీ ఇదే. లెన్సులు భూతద్దాలు. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చిన పనే ఇక్కడా జరుగుతుంది, కాగితం స్థానంలో తెర ఉంటుంది.

వరంగల్ ఇళ్లలో ఇది ఎలా జరుగుతుందంటే: మధ్యాహ్నం ఆట అయిపోయాక హెడ్‌సెట్‌ను లెన్సులు పైకి వచ్చేలా మంచం మీద పెడతారు. అప్పటికి అక్కడ ఎండ లేదు. నాలుగింటికి పడమటి కిటికీ ఊచల మధ్య నుంచి ఎండ చార ఒకటి నేలమీద పాకుతూ మంచం ఎక్కుతుంది, లెన్సు మీదుగా జరుగుతుంది. చార ఆగాల్సిన పనిలేదు, దాటుతూ పోయినా తెరమీద దాని దారి అచ్చుపడుతుంది. మళ్లీ పెట్టుకుని చూస్తే తెల్లటి దృశ్యంలో పసుపు మచ్చో, వంకర తిరిగిన గోధుమరంగు గీతో కనిపిస్తుంది. లెన్సు తుడిచినా పోదు, ఎందుకంటే మచ్చ ఉన్నది లెన్సు మీద కాదు, లోపలి ప్యానెల్ మీద. ప్యానెల్ మార్చాల్సిందే. ఇలాంటి నష్టానికి వారంటీ వర్తిస్తుందన్న ఆశ పెట్టుకోకండి.

డాబా మీదికి తీసుకెళ్లి ఆడటం మానుకోండి. పెట్టుకున్నంతసేపు ముఖమే మూతలా ఉంటుంది, తీసేటప్పుడు తల వంచి హెడ్‌సెట్ పైకి తిప్పే ఆ రెండు మూడు సెకన్లే ప్రమాదం. తీసిన వెంటనే లెన్సుల మీద మెత్తటి గుడ్డ వేసే అలవాటు ఇంట్లో అందరికీ చేయండి. పడమటి కిటికీకి మందపాటి కర్టెన్ వేయండి.

వేడి సంగతి వేరు. విజన్ ప్రోను 30 డిగ్రీలు దాటిన చోట వాడొద్దని యాపిలే రాసింది. మిగతావాటి పరిమితి మాన్యువల్‌లో ఉంటుంది, అదీ మన ఏప్రిల్, మే మధ్యాహ్నాలకు సరిపోయేది కాదు. బయట 43 డిగ్రీలున్నప్పుడు కూలర్ లేని అర్రలో ఆడితే ముందు ఫ్యాను చప్పుడు పెరుగుతుంది, తర్వాత ఫ్రేములు తగ్గుతాయి, ఆపైన హెచ్చరిక వచ్చి ఆగిపోతుంది. పొద్దున ఎనిమిదింటి లోపో, రాత్రి ఏసీ గదిలోనో ఆడండి. చార్జింగ్ పెట్టి ఆడితే వేడి ఇంకా పెరుగుతుంది. ఎండలో నిలిపిన కారులో హెడ్‌సెట్ వదిలేయకండి.

పీసీతో ఆడేవాళ్లకు: వైఫై, వైర్లు, కరెంటు

హాఫ్-లైఫ్ అలిక్స్ లాంటి పెద్ద ఆటలు పీసీలో నడుస్తాయి, బొమ్మ వైఫై మీద హెడ్‌సెట్‌కు వస్తుంది. పీసీకి ఆర్‌టీఎక్స్ 4060 స్థాయి కార్డు, 16 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా మొదలుపెట్టొచ్చు. పీసీలోని ఆటను హెడ్‌సెట్‌కు పంపే స్టీమ్ లింక్ యాప్ హెడ్‌సెట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

ఇక్కడ అందరూ పొరపడేది ఒకటే: "మాకు 200 ఎంబీపీఎస్ ప్లాన్ ఉంది కదా, ఎందుకు ఆగుతోంది?" అని. ఆ ప్లాన్‌కూ దీనికీ సంబంధం లేదు. బొమ్మ మీ పీసీ నుంచి మీ రౌటర్‌కు, అక్కడి నుంచి మీ తలకు వస్తుంది, బయటి ఇంటర్నెట్‌లోకి పోదు. చూడాల్సింది ఇంట్లోని దారి.

పీసీని రౌటర్‌కు లాన్ వైరుతోనే కలపండి. కలిపాక విండోస్ నెట్‌వర్క్ సెట్టింగుల్లో లింక్ స్పీడ్ చూడండి. 1000 అని ఉండాలి. 100 అని ఉందంటే రెండు కారణాలు. రౌటర్ పోర్టే అంతది కావచ్చు. లేదా వైరు బిగించినవాళ్లు ఎనిమిది తీగల్లో నాలుగే కలిపి ఉండొచ్చు, ఊళ్లో కనెక్షన్ ఇచ్చేటప్పుడు ఇది మామూలే. నెట్ చూడ్డానికి నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. పారదర్శక ప్లాస్టిక్ జాక్ లోపల తీగలు లెక్కపెడితే తెలిసిపోతుంది. మళ్లీ క్రింప్ చేయించండి.

తర్వాత రౌటర్. ఆడే గదిలోనే, పది పదిహేనడుగుల లోపు, అడ్డం లేకుండా ఉండాలి. ఇనుప బీరువా వెనక పెడితే ఎంత ఖరీదైనదైనా వృథా. 5 గిగాహెర్ట్జ్‌కు వేరే పేరు పెట్టి, హెడ్‌సెట్‌ను ఆ ఒక్కదానికే కలిపి, ఫోన్లు టీవీలు 2.4 మీదికి మళ్లించండి. చానెల్ వెడల్పు 80 మెగాహెర్ట్జ్, చానెల్ 36 లేదా 149, పక్కింటివాళ్లు వాడని దాన్ని ఎంచుకోండి. అంతా సరిగా ఉంటే వైఫై 6 రౌటర్‌తో హెడ్‌సెట్ లింక్ 1200 ఎంబీపీఎస్ చూపిస్తుంది. బిట్‌రేట్ (సెకనుకు పంపే వీడియో డేటా) 100 ఎంబీపీఎస్ దగ్గర మొదలుపెట్టి మెల్లగా పెంచండి. తల తిప్పినప్పుడు బొమ్మ సాగుతున్నట్టు అనిపిస్తే ఒక మెట్టు దిగండి. మొత్తం ఆలస్యం 50 మిల్లీసెకన్ల లోపుంటే ఆటకు ఇబ్బంది లేదు.

రాబోయే హెడ్‌సెట్ల కోసం రౌటర్ కొనేవాళ్లకు 6 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్ సంగతి తెలియాలి. ఖాళీగా ఉన్న రోడ్డు లాంటిది, స్టీమ్ ఫ్రేమ్‌తో వచ్చే వైర్‌లెస్ అడాప్టర్ కూడా దానిమీదే నడుస్తుంది. మన దేశంలో 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న కింది భాగాన్ని లైసెన్సు లేకుండా ఇండ్లల్లో వాడుకోడానికి కేంద్రం 2025 మేలో ముసాయిదా నియమాలు విడుదల చేసింది. డబ్బా మీద వైఫై 6ఈ, వైఫై 7 అని ఉన్నంతమాత్రాన సరిపోదు, ఇండియా మోడల్‌లో ఆ బ్యాండ్ తెరిచి ఉందో లేదో అడిగి తీసుకోండి.

కరెంటు పోతే హెడ్‌సెట్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, ఆగేది రౌటర్. ఇన్వర్టర్ లైనుకు రౌటర్‌ను కలపండి, లేదా 12 వోల్టుల చిన్న రౌటర్ యూపీఎస్ ఒకటి పెట్టండి. గేమింగ్ పీసీని మాత్రం ఇంటి ఇన్వర్టర్ మీద వదలకండి. 4060 కార్డు ఒక్కటే 115 వాట్లు, మొత్తం పీసీ 250–300 తాగుతుంది, ఫ్యాన్లు లైట్లతో కలిపితే బ్యాటరీ గంటలో పడిపోతుంది. 1 కేవీఏ, అంటే దాదాపు 600 వాట్ల యూపీఎస్ పెట్టుకుంటే ఆట సేవ్ చేసి పీసీ ఆపుకునే టైము దొరుకుతుంది. దానికి అంతకన్నా పని లేదు.

తలకు పెట్టుకునే ముందు

రెండు కంటిపాపల మధ్య దూరం తెలుసుకోండి. కళ్లద్దాల షాపులో పీడీ ఎంత అని అడిగితే మిల్లీమీటర్లలో చెబుతారు. 3ఎస్‌లో 58, 63, 68 అని మూడే మెట్లుంటాయి, మీకు దగ్గరిది ఎంచుకోండి. క్వెస్ట్ 3లో చక్రం తిప్పి సరిచేసుకోవచ్చు. ఇది తప్పితే తలనొప్పి వస్తుంది, నింద ఆట మీద పడుతుంది.

తెర కంటికి రెండంగుళాల దూరంలో ఉన్నా, లెన్సుల వల్ల కన్ను ఒకటి నుంచి రెండు మీటర్ల దూరంలో ఉన్న వస్తువును చూస్తున్నట్టే సర్దుకుంటుంది. అందుకే మైనస్ అర, ముప్పావు ఉన్నవాళ్లకు అద్దాలు లేకున్నా నడుస్తుంది, రెండు మూడు ఉన్నవాళ్లకు నడవదు. అద్దాలతో ఆడితే మధ్యలో స్పేసర్ (కళ్లద్దాలకు చోటిచ్చే చట్రం) తప్పకుండా పెట్టండి. గాజు అంచు ప్లాస్టిక్ లెన్సుకు తగిలి గీత పడితే పోదు.

నుదుటి మీద కుంకుమ, విభూతి తుడుచుకుని పెట్టుకోండి. పొడి రాలేది సూటిగా లెన్సుల మీదే, తుడిస్తే సన్నటి ఇసుకలా గీకుతుంది. రాలిందంటే ముందు గాలి బుడ్డితో ఊది, ఆ తర్వాతే పొడి మైక్రోఫైబర్ గుడ్డతో నడుమ నుంచి అంచులకు తుడవండి. స్పిరిట్, కొలిన్ లెన్సులకు తగలనివ్వొద్దు. తలకు కొబ్బరినూనె పెట్టుకున్న పిల్లలకు పట్టీ కింద పాత రుమాలు కట్టండి. నూనె పీల్చిన స్పాంజ్ మెత్తబడి వాసన పడుతుంది. నలుగురు వాడే ఇంట్లో సిలికాన్ తొడుగు కొనడం మంచిది, ఆటకో సారి కడిగి ఆరబెట్టొచ్చు.

పిల్లల విషయంలో, మెటా పదేళ్లు నిండినవాళ్లకు తల్లిదండ్రుల అదుపులో ఉండే అకౌంట్ ఇస్తుంది, ప్లేస్టేషన్ వీఆర్2కు పన్నెండేళ్లు. అంతకన్నా చిన్నవాళ్లకు ఇవ్వకండి.

కొత్తవాళ్లు మొదటి వారం పది పదిహేను నిమిషాలే ఆడాలి, అదీ నిలబడ్డచోటే ఆడే బీట్ సేబర్ లాంటివి. కంట్రోలర్ మీది కర్ర (జాయ్‌స్టిక్) తోసి నడిపించే ఆటలు తర్వాత. మెడ వెనక చెమట, నోట్లో నీళ్లూరడం మొదలైతే అప్పుడే తీసేయండి. ఓర్చుకుంటే అలవాటవుతుందనుకోవడం తప్పు, మెదడుకు హెడ్‌సెట్ చూస్తేనే వికారం అలవాటవుతుంది.

కంట్రోలర్ల పట్టీ మణికట్టుకు తగిలించే ఆడాలి. ఒక్కోదానికి ఒక్క ఏఏ సెల్లు. పది రూపాయల సెల్లు తొందరగా దిగుతుంది, 2000 ఎంఏహెచ్ రీచార్జబుల్ నాలుగు కొనుక్కుంటే రెండు వాడుతుంటే రెండు చార్జవుతాయి. అవి 1.2 వోల్టులవి కాబట్టి నిండుగా ఉన్నా కొన్నిసార్లు తక్కువ శాతం చూపిస్తాయి, కంగారు పడకండి.

పాతది కొంటుంటే

సెకండ్ హ్యాండ్‌లో తక్కువ ధరకు దొరికే విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ హెడ్‌సెట్ల జోలికి పోకండి. వాటిలో ఒకటైన హెచ్‌పీ రివర్బ్ జీ2 చూడ్డానికి కొత్తగా, ధర చూస్తే నమ్మశక్యంగా లేనట్టు ఉంటుంది. మైక్రోసాఫ్ట్ విండోస్ 11 24హెచ్2 అప్‌డేట్‌తో ఆ వ్యవస్థనే తీసేసింది. తెర, లెన్సు, వైరు అన్నీ బాగున్నా ఆ అప్‌డేట్ పడ్డ పీసీలో అది మామూలుగా నడవదు. మొదటి తరం క్వెస్ట్‌కూ అప్‌డేట్లు ఆగిపోయాయి. ముందేం జరుగుతుందో ఊహించేకన్నా, ఆ కంపెనీ పాతవాటిని ఎన్నాళ్లు పట్టించుకుందో చూడటం మేలు.

పరికరాన్ని చేతికి తీసుకున్నాక ఈ వరుసలో చూడండి. ముందు బ్రౌజర్లో ఖాళీ తెల్ల పేజీ తెరిచి, ఒక్కో కన్ను మూసి చూడండి. ఎండ మచ్చ ఉంటే అక్కడే బయటపడుతుంది. అమ్మేవాళ్లు నల్లటి ఆట పెట్టి చూపిస్తుంటే అనుమానించండి. తర్వాత లెన్సును టార్చి వెలుగులో పక్కకు వంచి గీతలు చూడండి. రెండు కంట్రోలర్ల కర్రలను వదిలేసి మెనూ తనంతట తాను జరుగుతోందేమో గమనించండి. నూరు శాతం చార్జితో ఇరవై నిమిషాలు ఆట నడిపితే క్వెస్ట్ 3లో పదిహేను శాతం చుట్టూ దిగాలి, ముప్పై దిగితే బ్యాటరీ అయిపోవచ్చింది. చార్జింగ్ పిన్ను పెట్టి కొద్దిగా కదిపి చూడండి. చివరగా అమ్మేవాళ్ల ముందే ఫ్యాక్టరీ రీసెట్ చేయించి, వాళ్ల ఫోన్ యాప్‌లోంచి హెడ్‌సెట్ తీసేయించి, మీ అకౌంట్‌తో తెరుచుకుని హోమ్ స్క్రీన్ వచ్చాకే ఫోన్‌పే తెరవండి.